మురికి నది ఒడ్డున పెరిగినవాళ్లు దాని ప్రక్షాళనకు ఏం చేయగలరు?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. నగరం మధ్య పారే మురికి నది పక్కనే పుట్టి పెరిగారు, చిన్నప్పటి నుంచి ఆ కంపు, ఆ నురగ చూస్తూనే ఉన్నారు. ఇప్పుడు దాన్ని బాగుచేసే ప్రాజెక్టు మొదలైంది. అది నిజంగా బాగుపడుతుందా అన్నది మొదటి ప్రశ్న. ఇంజినీరు కాని మామూలు మనిషిగా మీరు దానికి ఎలా తోడ్పడాలి అన్నది రెండోది. నేనూ అలాంటి ఒడ్డు మీదే పెరిగాను. ఆ తర్వాత ఉద్యోగమంతా మురుగుశుద్ధి కేంద్రాల్లోనే గడిచింది. అందుకే జవాబు కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

బాగుపడుతుంది. మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదిది. 1957లో లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం థేమ్స్ నదిలో జీవం లేదని తేల్చేసింది. 1974లో అదే నదిలో ఒక సాల్మన్ చేప దొరికింది. 1833 తర్వాత అక్కడ సాల్మన్ కనిపించడం అదే మొదటిసారి. జర్మనీలో ఎంషర్ అనే చిన్న నది ఉంది. అది బొగ్గు గనుల ప్రాంతం. కింద తవ్వుతూ పోతుంటే పైన నేల కుంగుతుంది, భూమిలో వేసిన పైపులు పగిలిపోతాయి. అందుకని ఏకంగా నదినే కాంక్రీటు కాలువగా మార్చి, వందేళ్లపాటు మురుగంతా అందులోకే వదిలారు. గనులు ఆ ప్రాంతం వదిలి జరిగాక 1992లో ప్రక్షాళన మొదలుపెట్టి, 51 కిలోమీటర్ల భూగర్భ మురుగు సొరంగం వేసి, 2021 చివరికి నదిలోకి మురుగు రాకుండా ఆపగలిగారు. మొత్తం కార్యక్రమానికి సుమారు 550 కోట్ల యూరోలు, దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. డబ్బూ నైపుణ్యమూ ఉన్న దేశంలోనే అంత కాలం పట్టింది. మూడేళ్లలో స్వచ్ఛమైన నది చూపిస్తామని ఎవరైనా అంటే, వాళ్లు నది గురించి మాట్లాడుతున్నారా, ఒడ్డు గురించి మాట్లాడుతున్నారా అని మీకు అనుమానం రావాలి.

ఆ తేడా దగ్గరే చాలామంది మోసపోతారు. ఒడ్డు బాగుచేయడం సులువు. రాళ్లు పరిచి, లైట్లు పెట్టి, వాకింగ్ ట్రాక్ వేస్తే ఫొటోలు బాగా వస్తాయి. నది బాగుపడేది మాత్రం ఎవరి కంటికీ కనబడని చోట, నేల కింద పైపుల్లో. నగరంలోని ప్రతి ఇంటి మురుగు పైపులోకి చేరాలి, పైపు శుద్ధి కేంద్రానికి చేరాలి, కేంద్రం రాత్రింబగళ్లు నడవాలి. ఈ మూడింట్లో ఏది తెగినా ఒడ్డున ఎన్ని పూలమొక్కలు నాటినా ప్రయోజనం లేదు.

మీరు చిన్నప్పుడు చూసినవాటిని ఒకసారి గుర్తు చేసుకోండి. అవన్నీ నది పరిస్థితి చెప్పే సాక్ష్యాలే. కుళ్లిన గుడ్ల వాసన వచ్చేదా? నీటిలో ఆక్సిజన్ అయిపోయాక కొన్ని రకాల బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును వదులుతాయి. ఆ వాసన దానిదే. అదే వాయువు బురదలోని ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. నది అడుగు తారులా నల్లగా ఉండటానికి కారణం అదే. ఇంట్లో వెండి సామాన్లు ఎంత తోమినా తొందరగా నల్లబడుతున్నాయని ఒడ్డున ఉన్నవాళ్లు అంటుంటే అది కేవలం ఫిర్యాదు కాదు, గాలిలో ఆ వాయువు ఉందని చెప్పే పరీక్ష. నీళ్లు ఎత్తు నుంచి పడే చోట గుట్టలుగా లేచే తెల్ల నురగకు ముఖ్య కారణం సబ్బులు, డిటర్జెంట్లు. బురదలో కదిలే ఎర్రటి సన్న పురుగులు చూసే ఉంటారు. వాటికి ఆ ఎరుపు హిమోగ్లోబిన్ వల్ల వస్తుంది. ఆక్సిజన్ దాదాపు లేని చోట కూడా దొరికిన కాస్తా పట్టుకుని బతకడానికి వాటికి అది పనికొస్తుంది. ఎర్ర పురుగులు తప్ప మరే ప్రాణీ కనిపించడం లేదంటే ఏ ల్యాబ్ రిపోర్టూ అక్కర్లేకుండానే ఆ నీటి సంగతి తెలిసిపోతుంది.

ఇదంతా ఆక్సిజన్ కథే. వేసవిలో, నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలున్నప్పుడు, లీటరు మంచినీటిలో కరిగి ఉండగలిగే ఆక్సిజన్ సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే. చేపలు హాయిగా ఉండాలంటే అందులో ఐదు మిల్లీగ్రాములైనా ఉండాలి. శుద్ధి చేయని ఇళ్ల మురుగు లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల ఆక్సిజన్ అడుగుతుంది. బీఓడీ అని పేపర్లలో వచ్చేది ఈ లెక్కే. అంటే ఒక లీటరు మురుగు దాదాపు ముప్పై లీటర్ల మంచినీటిలోని ఆక్సిజన్ మొత్తాన్ని తినేయగలదు. ఎండాకాలంలో నదిలో పారేదే మురుగు అయినప్పుడు ఆ ముప్పై లీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి? గాలి నుంచి నీటిలోకి ఆక్సిజన్ చేరుతూనే ఉంటుంది గానీ, మెల్లగా కదిలే లోతైన నీటిలో అది చాలా నిదానంగా జరుగుతుంది.

ఇంకో సంగతి. మురుగు కలిసిన చోటే నీటి పరిస్థితి అన్నిటికన్నా ఘోరంగా ఉండదు. కుళ్లడానికి సమయం పడుతుంది కాబట్టి ఆక్సిజన్ బాగా పడిపోయేది కొన్ని కిలోమీటర్ల దిగువన. అమెరికాలోని ఓహయో నది మీద పనిచేసి స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు 1925లోనే దీనికి సమీకరణం రాశారు. ఇప్పటికీ మేం అదే వాడుతున్నాం. నగరం దాటాక ఉండే ఊళ్లవాళ్లు ఎక్కువ గొడవ చేస్తున్నారంటే వాళ్ల మాట వినడం న్యాయం.

దిగువ సంగతి వచ్చింది కాబట్టి లండన్ గురించి ఇంకొంచెం చెప్పాలి. 1858 వేసవిలో థేమ్స్ కంపు భరించలేక పార్లమెంటు కదిలింది. జోసెఫ్ బజల్‌గెట్ అనే ఇంజినీరు నదికి రెండు వైపులా పెద్ద మురుగు సొరంగాలు కట్టించాడు. నగరం మధ్యలో కంపు పోయింది. కానీ ఆ మురుగు ఎక్కడికి పోయింది? ఊరి చివర బెక్టన్, క్రాస్‌నెస్ దగ్గర మళ్లీ నదిలోకే, శుద్ధి ఏమీ లేకుండా. 1878లో ప్రిన్సెస్ ఆలిస్ అనే పడవ ఆ ప్రాంతంలోనే మరో ఓడను ఢీకొని, ఆ మురుగునీటిలోనే మునిగిపోయి ఆరు వందల మందికి పైగా చనిపోయారు. అప్పుడుగానీ ఆ మురుగు సంగతి మీద గట్టిగా చర్చ జరగలేదు. 1887 నుంచి మడ్డిని వేరుచేసి ఓడల్లో సముద్రంలోకి తీసుకెళ్లి పారబోశారు. అదీ శుద్ధి కాదు, ఇంకాస్త దూరం జరపడమే. కాబట్టి మీ నది ప్రాజెక్టులో మురుగును మళ్లిస్తాం అన్న మాట వినిపిస్తే, ఎక్కడికి మళ్లిస్తారని తప్పకుండా అడగండి.

అడగాల్సినవి మరికొన్ని ఉన్నాయి. నగరంలో రోజుకు ఎంత మురుగు పుడుతోంది, శుద్ధి కేంద్రాల సామర్థ్యం ఎంత, ఆ కేంద్రాలకు నిజంగా చేరుతున్నది ఎంత? సామర్థ్యం, చేరిక అనేవి వేర్వేరు అంకెలు. కేంద్రం కట్టేస్తారు, దానికి మురుగు తెచ్చే పైపులు మాత్రం రోడ్లు తవ్వే అనుమతుల దగ్గర ఆగిపోతాయి. సగం ఖాళీగా నడిచే కేంద్రాలు నేను చాలా చూశాను. పక్కనే నాలాలో మురుగు నిండుగా పారుతుంటుంది. కరెంటు బిల్లు ఎవరు కడతారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మురుగులోకి గాలి ఊదే బ్లోయర్లే శుద్ధి కేంద్రంలో ఎక్కువ కరెంటు తాగుతాయి. డబ్బు కరువైతే ముందు ఆపేసేది వాటినే, అదీ ఎవరూ చూడని రాత్రి పూట. కట్టడానికి నిధులు దొరుకుతాయి, నడపడానికి దొరకవు. శుద్ధి తర్వాత మిగిలే మడ్డిని ఎక్కడ వేస్తున్నారో కూడా కనుక్కోండి, కొన్నిచోట్ల అది వానాకాలంలో మళ్లీ నదిలోకే చేరుతుంది.

వాన సంగతి విడిగా చెప్పాలి. చాలా పాత నగరాల్లో వాననీరు, మురుగు ఒకే పైపులో పోతాయి. గట్టి వాన పడగానే పైపు నిండి, కలిసిన నీరంతా నేరుగా నదిలోకి పొర్లుతుంది. పారిస్‌లో సీన్ నదిలో ఈతను 1923లో నిషేధించారు. 2024 ఒలింపిక్స్ కోసం సుమారు 140 కోట్ల యూరోలు ఖర్చుపెట్టారు, వాననీరు తాత్కాలికంగా నిలవడానికి ఆస్టర్లిట్జ్ స్టేషన్ దగ్గర భూమిలో దాదాపు 50,000 ఘనపు మీటర్ల ట్యాంకు కట్టారు. అయినా పోటీలప్పుడు వాన పడితే కొన్ని ఈవెంట్లు వాయిదా వేయాల్సొచ్చింది. 2025 జులైలో మామూలు జనానికి కూడా ఈత తెరిచారు, వాన పడ్డాక మాత్రం ఎర్రజెండా ఎగరేస్తారు. లండన్ ఇదే సమస్యకు 25 కిలోమీటర్ల కొత్త సొరంగం తవ్వుకుంది, 2025లో అది పూర్తిగా వాడకంలోకి వచ్చింది. బజల్‌గెట్ పైపులు వేసిన నూట యాభై ఏళ్ల తర్వాత!

ఇక ఎక్కడ చూసినా చూపించే సియోల్ ఫొటో. ఛోంగ్యేఛోన్ వాగు మీద కట్టిన ఫ్లైఓవర్‌ను కూల్చి 2005లో వాగును మళ్లీ బయటికి తెచ్చారు. చూడ్డానికి చాలా బాగుంటుంది, నగరం మధ్యలో వేడి కూడా తగ్గింది. కానీ అందులో పారే నీళ్లలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి మోటార్లతో తోడి వదిలేవే. మంచి పార్కు అంటాను, నదిని బతికించారని అనను. మీ నగరంలో ఇంకెక్కడి నుంచో మంచినీళ్లు తెచ్చి నదిలో వదులుతామంటే, మురుగు ఆపిన తర్వాతా, ఆపకుండానా అన్నది చూడండి. ఆపకుండా వదిలితే అది పలచన చేయడమే.

ఒడ్డున ఉండే మనుషుల గురించి మీరు అడగలేదు, కానీ మీరూ అక్కడివారే కదా. నది మురికికి ఒడ్డున గుడిసెలే కారణమన్న మాట ప్రతి నగరంలోనూ వింటాం. లెక్కలు చూస్తే అది నిలబడదు. ఎగువన ఉన్న అపార్టుమెంట్లు, ఆఫీసులు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు వదిలే నీటితో పోలిస్తే ఒడ్డున ఉన్నవాళ్లు వాడే నీళ్లే తక్కువ. నీళ్లు తక్కువ వాడితే మురుగూ తక్కువే. వరద ముంపులో ఉన్నవాళ్లను వాళ్ల ప్రాణాల కోసం తరలించాల్సి రావచ్చు, అది వేరే విషయం. సింగపూర్‌లో 1977లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ల గడువు పెట్టి నదిని శుభ్రం చేయించినప్పుడు వేల కుటుంబాలను ఒడ్ల నుంచి కదిలించారు. వాళ్లను ప్రభుత్వ ఇళ్లలోకి, తోపుడు బండ్లవాళ్లను నీళ్లు, డ్రైనేజీ ఉన్న కట్టడాల్లోకి మార్చారు. ఇష్టం లేకుండా కదిలినవాళ్లూ ఉన్నారు. కానీ వెళ్లడానికి ఒక ఇల్లంటూ ఉంది. ఇల్లు చూపించకుండా ముందు కూల్చివేతతో మొదలయ్యే ప్రక్షాళనకు నేను మద్దతివ్వను, మీరూ ఇవ్వకండి. ఒడ్డు అందంగా మారాక అద్దెలు పెరిగి, కంపు భరించినవాళ్లే ఊరి చివరికి పోవాల్సి రావడం కూడా జరుగుతుంది. దీని గురించి ప్రాజెక్టు మొదట్లోనే మాట్లాడాలి, రిబ్బన్ కత్తిరించాక ఎవరూ వినరు.

ఇప్పుడు మీ వంతు. ఆదివారం పూట ఒడ్డున ప్లాస్టిక్ ఏరడం మంచిదే, నలుగురు కలుస్తారు, పిల్లలు నదిని చూస్తారు. కానీ నదిని చంపుతున్నది ప్లాస్టిక్ సంచి కాదు, కరిగిపోయి కంటికి కనిపించని మురుగు. ప్లాస్టిక్ ఏరి ఇంటికెళ్లి పని అయిపోయిందనుకుంటే అధికారులకు అంతకన్నా కావాల్సింది లేదు. బ్యాక్టీరియా ఉండలు, ఎంజైమ్ ద్రావణాలు నదిలో పోసే కార్యక్రమాలకైతే నేను అసలు వెళ్లను. మురుగులో సూక్ష్మజీవులకు కొదవేం లేదు, లేనిది ఆక్సిజన్. ఆకలితో ఉన్నవాళ్ల పంక్తిలోకి ఇంకో వందమందిని పిలిచినట్టుంటుంది ఆ పని.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది క్రమం తప్పని రికార్డు. బోస్టన్ పక్కన చార్లెస్ నదిని తీసుకోండి. 1995లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ దానికి స్కూలు పిల్లల ప్రోగ్రెస్ కార్డులా గ్రేడు ఇవ్వడం మొదలుపెట్టింది, మొదటిసారి వచ్చింది డీ. అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు నెలనెలా తెల్లవారుజామున వెళ్లి అవే చోట్ల నీళ్లు పట్టి ఇస్తున్నారు. ఏ నాలా దగ్గర లెక్క పాడైందో తెలిసింది, దొంగచాటుగా కలిపిన మురుగు పైపులు దొరికాయి, గ్రేడు క్రమంగా బి, ఆపైకి పెరిగింది.

తెల్లవారుజామునే ఎందుకంటే, పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రంతా అదే నాచు ఆక్సిజన్ వాడుకుంటుంది. కాబట్టి మధ్యాహ్నం మూడింటికి తీసిన శాంపిల్‌లో ఆక్సిజన్ పుష్కలంగా కనిపించి, తెల్లారుజామున ఐదింటికి అదే చోట చేపలు చచ్చి తేలవచ్చు. అధికారిక రిపోర్టులో అంకె బాగుందంటే శాంపిల్ ఎన్నింటికి తీశారో అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో మీరు విషయం తెలిసినవారని వాళ్లకు అర్థమైపోతుంది.

మీరు మొదలుపెట్టాలంటే ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. రెండు మూడు చోట్లు ఎంచుకుని ప్రతి వారం అదే సమయానికి అదే కోణంలో ఫొటో తీయండి, రంగు, వాసన, నురగ ఎత్తు, ముందురోజు వాన పడిందా లేదా రాసిపెట్టుకోండి. నీటిలో కరిగిన లవణాలను చూపే చిన్న కండక్టివిటీ మీటరు, పీహెచ్ కాగితాలు ఉంటే ఇంకా మంచిది. రాత్రి పూట ఉన్నట్టుండి ఆ అంకె ఎగబాకినా, రంగు మారినా, దొంగచాటుగా ఎవరో ఫ్యాక్టరీ నీళ్లు వదిలినట్టు అనుమానించాలి. అప్పుడు తేదీ, సమయం, ఫొటోతో కాలుష్య నియంత్రణ అధికారులకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ నీళ్లు మీరు పట్టకండి. మామూలు రోజుల్లో కూడా గ్లౌజులు, బూట్లు లేకుండా దిగొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీరు కాలి పుండుకు తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. మ్యాన్‌హోల్ మూత తీసి తొంగిచూడటం మాత్రం ఎన్నడూ చేయొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అనుకున్న మనిషి అక్కడే కూలిపోతాడు.

పెద్దవాళ్లను కూర్చోబెట్టి వాళ్లకు గుర్తున్నవి కూడా రాయించండి. ఏ చేపలు ఉండేవి, ఏ సంవత్సరం నుంచి ఆ నీళ్లు తాగడం మానేశారు, ఏ ఫ్యాక్టరీ వచ్చాక రంగు మారింది. బ్యూనస్ ఎయిర్స్‌లో మతాన్సా-రియాచువెలో నది ఒడ్డున ఉండే జనం 2004లో కోర్టుకెక్కారు. బియాట్రిజ్ మెండోసా అనే నివాసి పేరుతోనే ఆ కేసును పిలుస్తారు. 2008లో అర్జెంటీనా సుప్రీంకోర్టు నదిని శుభ్రం చేసే బాధ్యత ప్రభుత్వాలదేనని ఆదేశించి, అమలును కోర్టు పర్యవేక్షణలో పెట్టింది. ఆ నది ఇప్పటికీ పూర్తిగా బాగుపడలేదు, కానీ ప్రభుత్వం పట్టించుకోనట్టు ఉండే వీలు లేకుండా పోయింది.

ఇంకొకటి చాలామందికి నచ్చదు. మురుగు ఛార్జీ పెంచుతామంటే వెంటనే ధర్నాకు దిగకండి. అమెరికాలో క్లీవ్‌లాండ్ దగ్గర కయహోగా నది మీద తేలే నూనె, చెత్త 1969లో అంటుకుని నదే మండిందని, దానితో దేశం మేల్కొని 1972లో స్వచ్ఛజల చట్టం వచ్చిందని చెబుతుంటారు. నిజానికి ఆ నది అంతకుముందు చాలాసార్లు కాలింది, 1952 మంటలతో పోలిస్తే 1969 నాటిది చిన్నది. చాలామంది చెప్పని విషయం ఏమిటంటే, మంటకు ముందు ఏడాదే, 1968లో, క్లీవ్‌లాండ్ ఓటర్లు నది శుద్ధి కోసం 10 కోట్ల డాలర్ల బాండ్లకు, అంటే తామే తీర్చాల్సిన అప్పుకు, ఓటేశారు. పేదవాళ్లకు మినహాయింపు అడగండి, వసూలైన డబ్బు దేనికి ఖర్చయిందో లెక్క అడగండి, కానీ నడిపే ఖర్చు ఎవరూ ఇవ్వకుండా శుద్ధి కేంద్రం నడవదు.

పని సవ్యంగా సాగితే మార్పు ఏ వరసలో వస్తుందో చెబుతాను, లేకపోతే మధ్యలో నిరాశ పడతారు. మురుగు ఆగిన కొన్ని నెలల్లో ముందు కంపు తగ్గుతుంది. ఆ తర్వాత నీళ్లు కాస్త తేటబడతాయి, అప్పుడే ఒక్కసారిగా పచ్చటి నాచు కమ్మేస్తుంది. జనం నది మళ్లీ పాడైందని గోల పెడతారు. నిజానికి నీళ్లు తేటబడి వెలుతురు లోపలికి వెళ్లడం వల్ల, మిగిలిన నైట్రోజన్, ఫాస్ఫరస్ తిని నాచు పెరుగుతుంది. పోషకాలను కూడా తీసే శుద్ధి వస్తే అది తగ్గుతుంది. ఏళ్ల తరబడి పేరుకున్న బురదలో లోహాలు, రసాయనాలు ఉంటాయి. పరీక్ష చేయకుండా హడావుడిగా పూడిక తీస్తే అవన్నీ లేచి నీళ్లలో కలుస్తాయి. కాబట్టి పూడికతీతను ఆలస్యం చేసినా తొందరపడి తిట్టకండి, తీసిన మట్టి ఎక్కడ పోస్తున్నారో మాత్రం చూడండి. చేపలు, వాటి వెనకే పక్షులు వస్తాయి.

పిల్లలు నీళ్లలో దిగగలిగే రోజు అన్నిటికన్నా చివర్లో వస్తుంది. నీళ్లు తేటగా ఉన్నాయి, చేపలున్నాయి అని దింపేయకండి, రోగకారక క్రిములు తేటనీళ్లలోనూ ఉంటాయి. యూరప్ నియమాల ప్రకారం నదుల్లో స్నానానికి అత్యుత్తమం అనాలంటే 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) 500 దాటకూడదు. అదీ ఒక్క శాంపిల్‌లో కాదు, నాలుగేళ్ల స్నానాల సీజన్ల లెక్కల మీద తేల్చాలి. మీ దగ్గర అలాంటి లెక్కలు బయటపెట్టే దాకా పిల్లల్ని ఒడ్డు మీదే ఉంచండి. బయటపెట్టాక కూడా గట్టి వాన పడితే రెండు రోజులు ఆగి దింపండి.